బాయికి రెండు దారులు

బోర్డ్ అండ్ పిల్లర్ పద్ధతిలో నడిచే బొగ్గు బాయి ప్లాను ఒకసారి విప్పి చూడండి. నిలువుగా కొన్ని గ్యాలరీలు, వాటిని కోస్తూ అడ్డంగా మరికొన్ని, నడుమ పైకప్పును మోయడానికి వదిలేసిన బొగ్గు పిల్లర్లు. ఏ పిల్లరు చుట్టూ తిరిగినా బయల్దేరిన చోటికే వస్తాం. నాలుగు పిల్లర్ల చుట్టూ తిరిగినా అంతే. ప్లాను నిండా చుట్లే. బాయిలో పనిచేసే మనిషికి దీంతో చిక్కు లేదు, తనెక్కడున్నాడో అతనికి తెలుసు. చిక్కల్లా గాలితోనే. వదిలేస్తే అది బొగ్గు తవ్వే ఫేస్ దాకా పోదు. మొదటి అడ్డ గ్యాలరీ దొరకగానే అందులోంచి, వాడిన గాలి బయటికి పోయే రిటర్న్‌లోకి జారుకుంటుంది. ఆగ్జిలరీ ఫ్యాను సరైన చోట బిగించకపోతే ఇంకో ప్రమాదం. ఫేస్ మీద నుంచి వచ్చిన చెడ్డ గాలినే ఫ్యాను మళ్లీ లాగి మళ్లీ అక్కడికే ఊదుతుంది. ఒంటికి గాలి తగులుతూనే ఉంటుంది, మీథేన్ మాత్రం పెరుగుతూ పోతుంది. గాలిలో అది 5 నుంచి 15 శాతం మధ్య ఉంటే ఒక్క నిప్పురవ్వ చాలు. అందుకే వెంటిలేషన్ చూసే అధికారి అడ్డ గ్యాలరీలకు స్టాపింగులనే అడ్డుగోడలు కట్టిస్తాడు, మనుషులు తిరగాల్సిన చోట తలుపులు పెట్టిస్తాడు. ఎన్ని దారులున్నా గాలి అతను గీసిన దారినే పోవాలి.

అలాగైతే ఒక్క దారే తవ్వుకుంటే పోలేదా? 1862 జనవరి 16న ఇంగ్లండ్‌లోని హార్ట్‌లీ గనిలో దీనికి జవాబు దొరికింది. ఆ గనికి ఉన్నది ఒకే షాఫ్టు. నీళ్లు తోడే ఇంజిను తాలూకు భారీ ఇనుప దూలం విరిగి అందులో పడింది. షాఫ్టు పూడుకుపోయింది. పెద్దలూ పిల్లలూ కలిపి 204 మంది చనిపోయారు. అదే ఏడాది బ్రిటన్‌లో చట్టం వచ్చింది: గనికి కనీసం రెండు దారులు ఉండి తీరాలి. మన దేశపు గనుల నిబంధనలు కూడా ఇదే అంటాయి.

రెండో దారి లేకపోతే చస్తాం. రెండో దారి ఉంటే చుట్టు పడుతుంది. చుట్టును విడిచిపెడితే అదీ చంపుతుంది. అందుకని దారి తవ్వాలి, తవ్వి మూయాలి, అవసరమైన క్షణాన తెరవాలి. కంప్యూటర్ నెట్‌వర్కులు కట్టేవాళ్లు సరిగ్గా ఇదే పేచీలో 1980ల్లో చిక్కుకున్నారు. బొగ్గు బెల్టులో పుట్టి పెరిగిన పాఠకుడికి ఈ అధ్యాయం సగం ముందే తెలిసినట్టు లెక్క. మిగతా సగం తీగల సంగతి.

రామగుండం, గోదావరిఖని చుట్టుపక్కల సింగరేణికి ఆర్జీ-1, ఆర్జీ-2, ఆర్జీ-3, అడ్రియాల అంటూ ఏరియాలున్నాయి. ఇల్లందులో 1889లో బొగ్గు తవ్వకం మొదలైంది, 1920 డిసెంబరు 23న సింగరేణి కాలరీస్ పేరుతో కంపెనీ ఏర్పడింది. ఇప్పుడు అందులో రాష్ట్రానికి 51 శాతం, కేంద్రానికి 49 శాతం. ఇక్కడి బొగ్గుతో పక్కనే ఎన్‌టీపీసీ 2600 మెగావాట్ల కేంద్రం నడుస్తోంది. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఇలాంటి సంస్థలో ఏదీ ఒక్క చోట ఉండదు. జీఎం ఆఫీసు ఒకచోట, బాయి మరోచోట, బొగ్గును సర్ది పంపే ప్లాంటు సీహెచ్‌పీ ఇంకోచోట, లారీల కాటా రోడ్డు మీద, స్టోర్సు, వర్క్‌షాపు, ఏరియా ఆసుపత్రి తలా ఒక దిక్కు. భూమిలోపల దూరాలు ఇంకా ఎక్కువ: అడ్రియాల లాంగ్‌వాల్ ఫేస్ వెడల్పే 250 మీటర్లు, ప్యానెల్ పొడవు రెండు కిలోమీటర్ల పైమాటే. హాజరు నమోదు నుంచి కాటా చీటీ దాకా అన్నీ కంప్యూటర్ మీదికి ఎక్కాక, ఈ చోట్లన్నిటినీ కలపాల్సింది తీగే. ఏ తీగ అన్నది మొదటి ప్రశ్న.

1973 మే 22న అమెరికాలో జిరాక్స్ సంస్థ పరిశోధనశాలలో బాబ్ మెట్‌కాఫ్ అనే ఇంజినీరు ఒక మెమో రాశాడు. ఈథర్నెట్ పుట్టింది అందులోనే. అప్పటి తీగ కోయాక్సియల్: నడుమ రాగి కడ్డీ, చుట్టూ ఇన్సులేషన్, దాని చుట్టూ లోహపు అల్లిక. కేబుల్ టీవీ వైరు విప్పితే కనిపించేది ఈ జాతే. మందపాటి రకం 500 మీటర్లు, సన్నపాటి రకం 185 మీటర్లు పనిచేసేది. ఒకే తీగ ఆఫీసంతా తిరిగేది, ఒక్కో కంప్యూటర్ దగ్గర టీ ఆకారపు జాయింటుతో తగిలించుకునేవాళ్లు, రెండు కొసల్లో 50 ఓముల టెర్మినేటర్లు. ఎవరైనా బల్ల జరుపుతూ ఒక జాయింటు ఊడదీస్తే ఆ ఒక్కరికే కాదు, తీగ మీద ఉన్న అందరికీ నెట్ పోయేది. ఆఫీసుల్లోంచి అది ఎప్పుడో వెళ్లిపోయింది. భూగర్భ గనుల్లో మాత్రం దాని తమ్ముడొకడు ఇంకా బతికే ఉన్నాడు, పేరు లీకీ ఫీడర్. ఈ కోయాక్సియల్ తీగకు బయటి లోహపు తొడుగులో కావాలనే సందులు వదులుతారు. ఆ సందుల్లోంచి రేడియో తరంగాలు గ్యాలరీ పొడవునా కారుతుంటాయి. రాతిని, బొగ్గును దాటి పోలేని వాకీటాకీ మాట ఈ తీగ పట్టుకుని పైకి వస్తుంది.

ఇప్పుడు ఏ ఆఫీసులోనైనా కనిపించేది మెలితిప్పిన జతల రాగి తీగ. క్యాట్ ఫైవ్ ఈ, క్యాట్ సిక్స్ అని అందరికీ తెలుసు. పైతొడుగు గీరి తీస్తే ఎనిమిది సన్నని తీగలు నాలుగు జతలుగా ఉంటాయి: నారింజ, ఆకుపచ్చ, నీలం, గోధుమ; ప్రతి రంగుకూ తెల్లచార తోడు. మెలిక ఎందుకంటే, పక్కనుంచి పోయే కరెంటు తీగ, హాలేజ్ మోటారు, కన్వేయర్ స్టార్టరు, అన్నీ ఈ తీగలో తమ రొదను ఎక్కిస్తాయి. జతలోని రెండు తీగలు ఒకదానిచుట్టూ ఒకటి తిరుగుతుంటే ఆ రొద రెండింటిలోనూ దాదాపు సమానంగా ఎక్కుతుంది. అసలు సంకేతాన్ని మాత్రం ఒక తీగలో ప్లస్‌గా, రెండో తీగలో మైనస్‌గా పంపుతారు. అవతలి కొసన యంత్రం రెండింటి తేడా తీస్తుంది. సమానంగా ఉన్న రొద రద్దవుతుంది, సంకేతం రెట్టింపవుతుంది. టెలిఫోన్ కనిపెట్టిన గ్రాహం బెల్ 1881లోనే దీని మీద పేటెంటు తీసుకున్నాడు. నాలుగు జతల మెలికలూ ఒకే బిగువులో ఉండవు. ఉంటే ఒక జత మాట పక్క జతకు వినబడుతుంది, అందుకే ఒక్కో జతకు ఒక్కో బిగువు.

క్రింపింగ్ చేసేటప్పుడు కుర్రాళ్లు చేసే ఒక తప్పు ఇక్కడే తెలుస్తుంది. జాక్‌లో ఎడమ నుంచి వరస ఇది: తెల్లనారింజ, నారింజ, తెల్లాకుపచ్చ, నీలం, తెల్లనీలం, ఆకుపచ్చ, తెల్లగోధుమ, గోధుమ. ఆకుపచ్చ జత విడిపోయి మూడో గడిలోనూ ఆరో గడిలోనూ కూర్చుంటుంది, నీలం జత వాటి నడుమ దూరుతుంది. చూడ్డానికి ఇది పద్ధతిగా ఉండదు. అందుకని కొందరు తమ కంటికి ముచ్చటగా జతలన్నీ పక్కపక్కన పేర్చి, రెండు కొసలూ అదే వరసలో నొక్కేస్తారు. టెస్టర్ పెడితే ఎనిమిది లైట్లూ వరసగా వెలుగుతాయి. కేబుల్ పాసైందనుకుంటారు. మూడో గడి, ఆరో గడి ఇప్పుడు వేర్వేరు జతలకు పోయాయి. యంత్రం తేడా తీసే రెండు తీగలు ఒకదానికొకటి మెలిక పడి లేవు. రొద రద్దు కాదు. తీగ పొట్టిదైతే ఎలాగో నడుస్తుంది, పొడుగైతే నెట్ వస్తూ పోతూ ఉంటుంది. చవక టెస్టర్ చూసేది తీగ తెగిందా లేదా అనే. ఏ తీగ ఏ తీగకు జతో దానికి తెలియదు.

రాగి తీగకు హద్దు 100 మీటర్లు. ఈ లెక్క 20 డిగ్రీల వేడికి కట్టింది. వేడి పెరిగితే రాగిలో సంకేత నష్టం పెరుగుతుంది: షీల్డు లేని తీగకు 20 నుంచి 40 డిగ్రీల దాకా డిగ్రీకి 0.4 శాతం, ఆపైన 60 దాకా డిగ్రీకి 0.6 శాతం అని ప్రమాణాలు చెబుతాయి. మే నెలలో రామగుండం ఎండ 45 దాటడం ఇక్కడివాళ్లకు వింత కాదు. రేకుల కప్పు కింద పైపులో పోయే తీగ 45 డిగ్రీల దగ్గర ఉన్నా నష్టం 11 శాతం పెరిగినట్టు. అంటే 100 మీటర్ల హద్దు 90 దగ్గరికి జరిగింది. జనవరిలో బిగించి పాస్ చేసిన తీగ మే నెలలో మొరాయిస్తే, నెట్‌వర్కు స్విచ్చి మార్చడం కన్నా ముందు తీగ పొడవు కొలవడం మంచిది. దీనికితోడు బజారులో అల్యూమినియం తీగకు రాగి పూత పూసి క్యాట్ సిక్స్ అని అమ్మే రకం ఒకటుంది. రేటు తక్కువ, చేతిలో తేలికగా ఉంటుంది, నాలుగుసార్లు వంచితే విరుగుతుంది, నిరోధం ఎక్కువ కాబట్టి అదే తీగ మీద కరెంటు తీసుకునే సీసీ కెమెరాలకు పెడితే వేడెక్కుతుంది. కొటేషన్లలో తక్కువ ధర చూసి ఓకే చేసే ఏ ఆఫీసుకైనా ఈ రకం తగలక మానదు. డబ్బా మీద పేరు కాదు, బ్లేడుతో తీగను గీరి చూడాలి. లోపల తెల్లగా మెరిస్తే వెనక్కి పంపాలి.

వంద మీటర్లు దాటితే, లేదా ఒక బిల్డింగు నుంచి ఇంకో బిల్డింగుకు పోవాల్సి వస్తే, రాగిని మరిచిపోవడమే. దూరం ఒక్కటే కారణం కాదు. రెండు బిల్డింగుల ఎర్తింగు ఎప్పుడూ ఒకే స్థాయిలో ఉండదు, ఆ తేడా తీగలో కరెంటుగా పారుతుంది. తొలకరి ముందు పిడుగు పడితే బయట పరిచిన రాగి తీగ రెండు వైపులా పోర్టుల్ని కాల్చిపెడుతుంది. గాజు తీగకు ఇవేవీ పట్టవు. సింగిల్‌మోడ్ ఫైబర్‌లో వెలుగు పోయే గాజు కోర్ మందం సుమారు 9 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో వందో వంతు కూడా కాదు. చుట్టూ 125 మైక్రాన్ల గాజు తొడుగు. తొడుగు గాజు వక్రీభవన గుణకం కాస్త తక్కువ కావడంతో లోపలి వెలుగు బయటికి జారదు. గాజులోంచి వెలుగు కిలోమీటర్ల దూరం పోవాలంటే గాజులోని మలినాలే అడ్డని, వాటిని తీస్తే దారి తెరుచుకుంటుందని 1966లో చార్లెస్ కావో లెక్కగట్టాడు. 2009లో నోబెల్ వచ్చింది. ఇవాళ్టి ఫైబర్‌లో 1550 నానోమీటర్ల వెలుగు కిలోమీటరుకు 0.2 డెసిబెల్ దగ్గర మాత్రమే తగ్గుతుంది. పదిహేను కిలోమీటర్లు పోయాక కూడా సగం వెలుగు మిగులుతుంది.

బాయి లోపల ఫైబర్‌కు మరో గుణం ఉంది. మీథేన్ 1.25 శాతం దాటిన చోట కరెంటు ఆపేయాలని గనుల నిబంధన. గాజులో పోయేది కరెంటు కాదు కనుక తెగినా నిప్పురవ్వ రాలదు. అలాగని వెలుగు పూర్తిగా అమాయకం అనుకోకూడదు. గట్టి లేజరు బొగ్గు దుమ్ము మీద పడితే వేడి పుట్టించగలదు, దానికీ వేరే భద్రతా ప్రమాణం ఉంది. నెట్‌వర్కులో వాడేవి కొద్ది మిల్లీవాట్లే. ఇక ఓపెన్‌కాస్ట్‌లో సమస్య తీగది కాదు, చోటుది. బెంచీలు నెలనెలా జరుగుతుంటాయి, హాల్ రోడ్డు జరుగుతుంది, డంపరు చక్రం కింద ఏ ఆర్మర్డ్ కేబులూ మిగలదు. అందుకే గట్టు దాకా ఫైబర్, దిగువకు రేడియో అన్నది సహజంగా కుదిరే ఏర్పాటు.

ఇప్పుడు అసలు పేచీకి వద్దాం. ఏరియా ఆఫీసు నుంచి బాయి ఆఫీసుకు, కాటాకు ఫైబర్ వేశారనుకోండి. మధ్యలో ఎక్కడో జేసీబీ తవ్వుతుంది, తెగుతుంది. నాలుగు గంటలు కాటా ఆగితే లారీల వరస రోడ్డెక్కుతుంది. అందుకని కాటా నుంచి బాయి ఆఫీసుకు ఇంకో ఫైబర్ వేస్తారు. ఇప్పుడు మూడు స్విచ్చిలు, మూడు తీగలు. త్రికోణం. చుట్టు పడింది.

స్విచ్చి పని చాలా సాదాసీదా. తనకు వచ్చిన ప్రతి ఫ్రేమ్ (డేటా మూట) మీద పంపిన యంత్రపు మ్యాక్ అడ్రస్ చూసి, ఈ అడ్రసు ఫలానా పోర్టు వైపు ఉందని రాసుకుంటుంది. చేరాల్సిన అడ్రసు తన పట్టికలో ఉంటే ఆ పోర్టుకే పంపుతుంది. లేకపోతే, లేదా అది అందరికీ ఉద్దేశించిన బ్రాడ్‌కాస్ట్ అయితే, వచ్చిన పోర్టు తప్ప మిగతా అన్నిటికీ పంపుతుంది. కంప్యూటర్ ఆన్ చేయగానే అది చేసే మొదటి పనుల్లో ఒకటి బ్రాడ్‌కాస్టే. త్రికోణంలో ఆ ఒక్క ఫ్రేమ్ మొదటి స్విచ్చి నుంచి రెండోదానికీ మూడోదానికీ పోతుంది. రెండోది మూడోదానికి, మూడోది రెండోదానికి, అక్కణ్ణుంచి మళ్లీ మొదటిదానికి. రెండు కాపీలు, ఒకటి కుడికి, ఒకటి ఎడమకు, తిరుగుతూనే ఉంటాయి. ప్రతి చుట్టులో ప్రతి స్విచ్చీ తన మిగతా పోర్టులన్నిటికీ ఇంకో కాపీ విసురుతుంది.

ఎంతసేపు తిరుగుతాయి? తీగ పీకేదాకా. ఇంటర్నెట్ ప్యాకెట్‌కు ఆయుష్షు లెక్క ఒకటుంటుంది. ఒక్కో రూటరు దాటినప్పుడల్లా ఒకటి తగ్గి, సున్నాకు రాగానే ప్యాకెట్‌ను పారేస్తారు. ఈథర్నెట్ ఫ్రేమ్‌కు అలాంటి గడి లేనే లేదు. ఒకే ఆఫీసులో ఒకే తీగ మీద నడిచే కాలంలో రాసిన ఫార్మాట్ అది, ఫ్రేమ్ దారి తప్పుతుందని అప్పుడు ఎవరూ అనుకోలేదు. గిగాబిట్ తీగ మీద చిన్న ఫ్రేములు సెకనుకు 14,88,095 పడతాయి. కొత్త బ్రాడ్‌కాస్టులు వస్తూ ఉంటాయి, పాతవి పోవు, కొద్ది సెకన్లలోనే తీగ నిండుతుంది. ర్యాక్ ముందు నిలబడితే తెలిసిపోతుంది: మామూలప్పుడు ఒక్కో లైటు ఒక్కో తీరుగా మిణుకుతుంది, చుట్టు పడ్డాక అన్ని లైట్లూ ఒకేసారి, ఆగకుండా. ప్రతి కంప్యూటరూ వచ్చిన ప్రతి బ్రాడ్‌కాస్టునూ తెరిచి చూడాలి కాబట్టి అవీ బిగుసుకుపోతాయి. పైగా ఒకే మ్యాక్ అడ్రస్ ఓసారి ఈ పోర్టులో, ఓసారి ఆ పోర్టులో కనబడుతుంటే స్విచ్చి తన పట్టికను కొట్టేసి రాసుకుంటూ ఉంటుంది. గాలి తగులుతూనే ఉంది, ఊపిరి మాత్రం ఆడట్లేదు.

ఇందులో ఏ యంత్రమూ చెడిపోలేదు, గమనించండి. ప్రతి స్విచ్చీ తనకు చెప్పిన పని తు.చ. తప్పకుండా చేసింది.

దీనికి మందు 1985లో వచ్చింది. డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్‌లో పనిచేసే రేడియా పర్ల్‌మన్‌కు ఆమె మేనేజరు ఒక శుక్రవారం ఈ సమస్య అప్పగించి సెలవు మీద పోయాడట. ఆ రాత్రికే ఉపాయం తట్టిందని, ఒకటి రెండు రోజుల్లో స్పెసిఫికేషన్ రాసేసి, మిగిలిన వారమంతా దాని మీద ఒక చిన్న కవిత కట్టుకుంటూ కూర్చున్నానని ఆవిడే చెప్పుకున్నారు. ఆ కవిత ఆ ఏడాది వెలువడిన పరిశోధనా పత్రం నెత్తిన అచ్చయింది కూడా. ఐఈఈఈ దాన్ని 1990లో 802.1డి ప్రమాణంగా తీసుకుంది. పేరు స్పానింగ్ ట్రీ.

గణితంలో స్పానింగ్ ట్రీ అంటే అన్ని బిందువుల్నీ కలుపుతూ, ఎక్కడా చుట్టు లేకుండా మిగిలే గీతల గుంపు. పది స్విచ్చిలుంటే సరిగ్గా తొమ్మిది తీగలు. పదో తీగ పడితే చుట్టు, ఎనిమిదైతే ఎవరో ఒకరు విడిపోతారు. పది స్విచ్చిల్లో ప్రతిదాన్నీ ప్రతిదానితో కలిపితే ఇలాంటి ట్రీలు ఎన్ని సాధ్యం? ఆర్థర్ కేలీ పేరు మీద ఉన్న సూత్రం ప్రకారం పదికి ఎనిమిదో ఘాతం, అంటే పది కోట్లు.

పది కోట్లలోంచి ఒకటి ఎంచుకోవడం కష్టం కాదు. పై నుంచి ప్లాను చూడగలిగేవాడికి నిమిషంలో పని. బాయిలో సర్వేయరు ఉంటాడు, ప్లాను ఉంటుంది, స్టాపింగు ఎక్కడ కట్టాలో మేనేజరు సంతకం పెడతాడు. స్విచ్చిలకు సర్వేయరు లేడు. ఒక్కోదానికి తన పోర్టులు తప్ప మరేమీ కనబడదు. ఎవరికీ ప్లాను తెలియకుండా, అందరూ ఒకే ప్లానుకు రావాలి. పర్ల్‌మన్ గొప్పతనం ఇక్కడుంది.

ఆ పద్ధతి ఇలా సాగుతుంది. ప్రతి స్విచ్చికీ ఒక ఐడీ ఉంటుంది: ముందు ప్రయారిటీ అంకె, వెనక దాని మ్యాక్ అడ్రస్. మొదట్లో ప్రతిదీ తానే రూట్ అనుకుని రెండు సెకన్లకోసారి పక్కవాళ్లకు బీపీడీయూ అనే చిన్న సందేశం పంపుతుంది. తనకన్నా చిన్న ఐడీ వినగానే పట్టు వదిలి దాన్నే రూట్‌గా ఒప్పుకుంటుంది, అక్కడికి తన నుంచి దూరమెంతో కలిపి ముందుకు చెబుతుంది. దూరమంటే మీటర్లు కాదు, తీగ వేగం: పాత లెక్కలో 100 మెగాబిట్లకు 19, గిగాబిట్‌కు 4, పది గిగాబిట్లకు 2. కాసేపటికి అందరికీ ఒకే రూట్, ప్రతి ఒక్కరికీ రూట్ వైపు ఒకే పోర్టు. మిగిలిన అదనపు తీగలకు ఒక కొసన పోర్టు బ్లాక్ అవుతుంది. తీగ అలాగే ఉంటుంది, లింక్ లైటు వెలుగుతూనే ఉంటుంది, బీపీడీయూలు వినబడుతూనే ఉంటాయి, డేటా మాత్రం పోదు. స్టాపింగులో తలుపు పెట్టినట్టే. ప్రధాన తీగ తెగి బీపీడీయూలు ఆగితే తలుపు తెరుచుకుంటుంది.

తెరుచుకోవడానికి మొదటి తరం తీసుకున్న సమయం 30 నుంచి 50 సెకన్లు: 20 సెకన్లు ఎదురుచూపు, ఆపై 15, ఇంకో 15. కావాలనే అంత నిదానం, ఎందుకంటే పొరపాటున ఒక్క క్షణం ముందు తెరిస్తే చుట్టు పడుతుంది. 2001లో వచ్చిన రాపిడ్ స్పానింగ్ ట్రీలో పక్కపక్క స్విచ్చిలు ఒకరితో ఒకరు మాట్లాడుకుని తెరుస్తాయి. చాలాసార్లు సెకను లోపే అయిపోతుంది. యంత్రాల కంట్రోలుకు అదీ ఆలస్యమే, అందుకే కర్మాగారాల్లో రింగు కోసం ప్రత్యేక పద్ధతులు పుట్టాయి. వాటిలో ఐటీయూ వాళ్ల జి.8032 లక్ష్యం 50 మిల్లీసెకన్లు.

కంపెనీ నుంచి వచ్చినప్పుడు స్విచ్చిలన్నిటి ప్రయారిటీ ఒకటే, 32768. అప్పుడు గెలుపు చిన్న మ్యాక్ అడ్రస్‌ది. ఒకే కంపెనీ సరుకైతే చిన్న అడ్రస్ తరచూ ముందు తయారైనదానికి, అంటే పాతదానికి పడుతుంది. ఎవరూ పట్టించుకోని నెట్‌వర్కులో ఏ స్టోర్ గది మూలనో బొగ్గు దుమ్ము పట్టిన ముసలి స్విచ్చి రూట్ అయి కూర్చుంటుంది, అందరి దారులూ దాన్ని కేంద్రంగా గీసుకుంటాయి. అది ఆగినప్పుడల్లా ఎన్నిక మళ్లీ మొదలు. పరిహారం ఒక్క లైను కమాండు: ముఖ్యమైన స్విచ్చికి 4096 ప్రయారిటీ ఇవ్వడం. ఈ ఒక్క లైను రాయని నెట్‌వర్కును నేను పూర్తయిన పనిగా ఒప్పుకోను.

స్పానింగ్ ట్రీ ఉన్నా చుట్లు పడతాయి, అవి పడే తీరు రెండు రకాలు. మొదటిది బల్ల కింద. పోర్టులు చాలక ఎవరో ఎనిమిది పోర్టుల చవక స్విచ్చి తెచ్చి పెడతారు. ఊడ్చేటప్పుడు ఒక కొస ఊడి వేలాడే ప్యాచ్ కార్డు కనబడుతుంది. పాపం నెట్ పోయి ఉంటుందని మంచి మనసుతో ఎవరో దాన్ని ఖాళీ పోర్టులో గుచ్చుతారు. దాని రెండో కొస అదే స్విచ్చిలో ఉంది. చవక స్విచ్చికి స్పానింగ్ ట్రీ తెలియదు. కొన్ని రకాలు బీపీడీయూను అవతలికి పంపుతాయి, కొన్ని మింగేస్తాయి. పంపితే పై స్విచ్చి తన సందేశం తనకే తిరిగి రావడం చూసి పోర్టు మూస్తుంది. మింగితే బిల్డింగంతా ఆగుతుంది. మనుషులు గుచ్చే పోర్టుల్లో బీపీడీయూ వినగానే పోర్టు మూసే బీపీడీయూ గార్డు, దాంతోపాటు బ్రాడ్‌కాస్టుకు హద్దు గీసే స్టార్మ్ కంట్రోల్ పెట్టడం ఇందుకే.

రెండో రకం ఫైబర్‌ది, ఇది ఇంకా గడుసు. ఫైబర్ లింకంటే మామూలుగా రెండు గాజు పోగులు, ఒకటి పంపడానికి, ఒకటి వినడానికి. రెండూ తెగితే బాధ లేదు. బ్లాక్ చేసి ఉన్న వైపు వినే పోగు ఒక్కటే జాయింటు దగ్గర విరిగిందనుకోండి. కొన్ని పరికరాల్లో లింక్ లైటు ఇంకా వెలుగుతూనే ఉంటుంది. బీపీడీయూలు వినబడటం లేదు కాబట్టి ప్రధాన దారి పోయిందని స్విచ్చి నమ్ముతుంది, మూసిన తలుపు తెరుస్తుంది. పంపే పోగు బాగానే ఉంది. చుట్టు ఒక దిక్కున మాత్రం పూర్తవుతుంది, అదే చాలు. ప్రమాదం నుంచి కాపాడాల్సిన ఏర్పాటే ప్రమాదం తెచ్చింది. బ్లాస్టింగ్ అదిరే చోట, జాయింటు ఎన్‌క్లోజర్లలో నీళ్లు చేరే చోట ఫైబర్ వేసేవాళ్లు ఈ ఒంటి పోగు తెగుడును పసిగట్టే లూప్ గార్డు, యూడీఎల్‌డీ లాంటివి పెట్టకుండా ఉండకూడదు.

పెద్ద సంస్థలు కూడా దీనికి బలయ్యాయి. 2002 నవంబరు 13న బోస్టన్‌లోని బెత్ ఇజ్రాయెల్ డీకనెస్ ఆసుపత్రి నెట్‌వర్కు కూలింది. ఏళ్ల తరబడి ఒక్కో స్విచ్చి కలుపుకుంటూ పోయి, స్పానింగ్ ట్రీకి సిఫారసు చేసిన ఏడు మెట్ల లోతును దాటేశారు. ఒక పరిశోధకుడి భారీ డేటా దాని మీద పడింది. బీపీడీయూలు సమయానికి అందలేదు, తలుపులు తప్పుగా తెరుచుకున్నాయి. దాదాపు నాలుగు రోజులు డాక్టర్లు కాగితం మీద మందులు రాశారు, పరీక్షల ఫలితాలు మనుషులు మోసుకుంటూ పరుగెత్తారు. కంప్యూటర్ రాకముందు ఆసుపత్రి ఎలా నడిచేదో తెలియని కుర్ర డాక్టర్లకు అక్కడి పెద్దవాళ్లు నేర్పాల్సి వచ్చింది. ఆసుపత్రి సమాచార అధికారి జాన్ హలమ్కా జరిగింది దాచకుండా అందరికీ చెప్పాడు, అందుకే మనకు తెలిసింది.

పర్ల్‌మన్ స్వయంగా స్పానింగ్ ట్రీని శాశ్వత పరిష్కారంగా చూడలేదు. ఆయుష్షు లెక్క లేని ఫ్రేమ్‌ను ఇంత పెద్ద నెట్‌వర్కుల్లో తిప్పడమే పొరపాటని ఆవిడ వాదన. ఆ లెక్కను జోడించి, అన్ని తీగలూ ఒకేసారి వాడుకునే ట్రిల్ అనే పద్ధతికి తర్వాత ఆవిడే పునాది వేశారు. 2011లో అది ఇంటర్నెట్ ప్రమాణమైంది. పెద్ద డేటా సెంటర్లు ఇప్పుడు చాలావరకు రూటింగ్ వైపు మళ్లాయి. మన ఆఫీసులు, బాయిలు, కాటాలు, కాలేజీ ల్యాబులు మాత్రం ఇంకా స్పానింగ్ ట్రీ మీదే నడుస్తున్నాయి, ఇంకా చాలా ఏళ్లు నడుస్తాయి.

మీ చేతిలో నెట్‌వర్కు ఉంటే ఈ వారం రెండు పనులు చేయండి. ప్రతి తీగకు రెండు కొసల్లోనూ ఒకే నంబరు చీటీ అంటించండి, ఒక్క కొసన అంటిస్తే పనికిరాదు. ఆదివారం పని పల్చగా ఉన్న షిఫ్టులో, పైవాళ్లకు చెప్పి, ప్రధాన ఫైబర్‌ను మీ చేత్తోనే పీకి, రెండో దారి తెరుచుకోవడానికి ఎన్ని సెకన్లు పట్టిందో రిజిస్టర్లో రాసుకోండి. నెట్‌వర్కు మీది కాకపోతే ఇంకా సులువు: వేలాడే కేబుల్ కనబడితే ఎక్కడా గుచ్చకండి, సిస్టమ్స్ వాళ్లకు ఫోన్ చేయండి.